‘మొలలే లే’ అని గమ్మున ఉంటే...

మా చిన్నాయనది ఆదోని దిక్కు ఒక పల్లె. ఎకరాన్నర వానపొలం. వాన పడితే పంట, పడకుంటే సుగ్గి. ఏటా సంక్రాంతి దాటినాక పిన్నమ్మను, పిల్లోళ్లను ఎంటబెట్టుకొని గుంటూరు దిక్కు మిరపకాయ కోతలకు పోతాండె. చేను గట్టున గుడిసె ఏసుకొని ఉగాది దాకా ఆడనే ఉంటాండ్రి.

ఆయనకు దొడ్డికి పోయేటప్పుడు నెత్తురు పడడం రెండేండ్ల ముందే మొదలైందంట. ఎవరికీ చెప్పలా. తెల్లారకముందే చెంబు పట్టుకొని చీకట్లో పోయే మనిషికి దాని రంగు మాత్రం ఏం కనపడతాది? ఒకరోజు పంచెకు మరక చూసి పిన్నమ్మ అడిగితే, ‘మిరప చేన్లో ఎండకు వేడి చేసిందిలే, మొలలు’ అన్యాడంట. ఆ మాటతో ఇద్దరూ గమ్మునైపోయినారు.

ఊరికొచ్చినాక టౌన్లో ‘కోత లేకుండా మొలలు మాయం’ అని బోర్డు పెట్టుకున్న ఒక చోటికి పోయినాడు. బల్ల మీద పండుకోమని గూడా అనలా. చూడనే లేదు. పూసుకునే మందొకటి, పొట్లాలు కొన్ని ఇచ్చి పంపించినారు. నడుమ నడుమ నెత్తురు దానంతట అదే ఆగుతాండె. ఆగినప్పుడంతా మందు పనిజేసింది అనుకుంటాండె. మనిషి చిక్కిపోతాంటే ‘సుగ్గిలో కష్టం’ అనుకున్యాం మేమంతా.

ఆఖరికి కడుపు ఉబ్బి, గాలి గూడా పోక, వాంతులు చేసుకుంటాంటే కర్నూలుకు ఎత్తకపోయినాం. పెద్దపేగులో గడ్డ, అది క్యాన్సర్, కాలేయానికి పాకింది అని చెప్పినారు. ఆ డాక్టరు మమ్మల్ని తిట్టలా, కేకలెయ్యలా. ఒకే మాట అడిగినాడు: ‘నెత్తురు పడబట్టి ఎన్నాళ్లైంది?’ ఆడ నిలబడిన ఏడుగురిలో ఒక్కరికీ జవాబు తెలీదు. పదకొండు నెలలకు చిన్నాయన పోయినాడు. యాభై ఏండ్లు గూడా నిండలేదు.

ఇది చదివి అయ్యో అనమని రాయడంలా. ఫోన్ చేతిలో ఉండే మీరు, మీ ఇంట్లో ఇట్లాంటి మాట ఒకటి నలుగుతాందేమో అడుగుతారని రాస్తాండా. ఎందుకంటే అన్ని క్యాన్సర్లలోకీ ఇది రోంత వేరే రకం. రాకముందే పట్టుకోవచ్చు. పట్టుకోవడమే గాదు, రాకుండానే తీసేయచ్చు.

లోపల ఏం జరుగుతాది?

మన కడుపులో పెద్దపేగు ఐదడుగుల దాకా పొడుగుంటాది. చివర్లో జానెడు కన్నా తక్కువుండే భాగాన్ని మలాశయం అంటారు. ఈ రెండింట్లో యాడ వచ్చినా దాన్ని పెద్దపేగు క్యాన్సర్ లెక్కలోనే కలిపి చెప్తారు.

ఇది రాత్రికి రాత్రి వచ్చేది గాదు. మొదట పేగు లోపలి గోడ మీద పులిపిరి మాదిరి చిన్న పిలక లేస్తాది. దాన్ని పాలిప్ అంటారు. వయసు పైబడినోళ్లలో శానామందికి ఇవి ఉంటాయి. అన్నీ క్యాన్సర్ గావు. కొన్ని మాత్రం రోంత రోంత పెరిగి, గుణం మారి, క్యాన్సర్ అవుతాయి. ఈ మార్పుకు మామూలుగా పదేండ్లు, అంతకంటే ఎక్కువ గూడా పడతాది.

పదేండ్లంటే ఏందో ఆలోచన చేయండప్పా. చేన్లో కలుపు మొలక దశలో ఉన్నప్పుడు గుంటక తోలితే ఒక్క పూట పని. గింజ రాలినాక చేనంతా దాందే. ఇక్కడ మనకు పదేండ్ల టైము దొరుకుతాంది. ఆ పిలకను క్యాన్సర్ గాకముందే చూసి తీసేస్తే, ఆ పిలక నుంచి వచ్చే క్యాన్సర్ ఇంక రాదు. పొట్ట కోయకుండా, లోపలికి పంపిన గొట్టంతోనే తీగ ఉచ్చేసి పిలకను తీసేసే పద్ధతిని 1969లో అమెరికాలో హిరోమి షిన్యా, విలియం వోల్ఫ్ అనే డాక్టర్లు మొదలుపెట్టినారు. యాభై ఏండ్లు దాటిపోయింది. ఇప్పుడది కొత్త వైద్యం గాదు, రోజూ జరిగే పని.

కష్టం యాడుందంటే, ఈ పదేండ్లలో శానాకాలం ఏ నొప్పీ తెలీదు. అందుకే బాగుండే మనిషికి గూడా పరీక్ష చేసి వెతకాలంటారు. స్క్రీనింగ్ అంటే అదే. జబ్బు గుర్తు కనపడినాక చేసే పరీక్ష వేరు, ఏ గుర్తూ లేకముందే వెతకడం వేరు. ఈ రెండూ కలిపేసుకుంటే మోసపోతాం. ఆ తేడా ముందుకు పోయేకొద్దీ చెప్తా.

నెత్తురు ఒకటే, జబ్బు ఒకటే గాదు

మన దిక్కు దొడ్డికి పోయేచోట నెత్తురు పడితే పేరు ఒకటే: మొలలు. నిజమే, శానామందికి అవి మొలలే అయ్యుంటాయి. పైల్స్ శానా సాధారణమైన జబ్బు. కానీ పైల్స్ నెత్తురు, గడ్డ నెత్తురు రెండూ ఎర్రగానే ఉంటాయి. కంటితో చూసి తేల్చేది గాదు. ఇంకొక కిటుకుండాది: ఒకే మనిషికి మొలలూ ఉండొచ్చు, దానికి పైన గడ్డా ఉండొచ్చు. మొలలున్నాయని తేలినంత మాత్రాన రెండోది లేదని గాదు.

అందుకే గట్టిగా చెప్తాండా: లోపల చూడకుండా ఎవరైనా ‘మొలలే’ అని తేల్చేస్తే ఆ మాట నమ్మొద్దు. చూడడం అంటే పెద్ద మిషన్లు గూడా గాదు. డాక్టరు గ్లౌజు ఏసుకొని వేలితో పరీక్ష చేస్తే మలాశయం కింది భాగంలో గడ్డ ఉంటే చేతికి తగులుతాది. ఒక నిమిషం పని. దానికి పైసా ఖర్చు లేదు. సిగ్గు తప్ప ఇంకేం అడ్డంలేదు.

ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు తమ దగ్గరికి వచ్చిన 800 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల లెక్క తీసి అచ్చేసినారు. వాళ్ల సగటు వయసు 47. అమెరికా, యూరప్ దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా అరవై దాటినోళ్లకు కనపడతాది. మన రోగులు ఇంకా సేద్యం చేసే వయసోళ్లు, పిల్లోళ్ల ఫీజులు కట్టే వయసోళ్లు. ఆ 800 మందిలో పదిమందికి నలుగురి లెక్కన గడ్డ మలాశయంలోనే ఉండింది. సగం కంటే ఎక్కువమందికి నెత్తురు పడింది. అంటే శానామందికి జబ్బు ఒక కబురు పంపించింది. ఆ కబురును ఎవరు ఎప్పుడు చదివినారనేదే తేడా.

ఈ గుర్తులు మనసులో పెట్టుకోండి:

దొడ్డికి పోయేటప్పుడు నెత్తురు, జిగట పడడం. ఎప్పుడూ ఉండే అలవాటు మారిపోయి వారాల తరబడి మలబద్ధకమో, విరేచనాలో, ఒకదాని తర్వాత ఒకటో ఉండడం. పోయొచ్చినా ఇంకా పోవాల అనిపించడం. మలం సన్నగా రావడం. కడుపులో మెలిపెట్టినట్ల నొప్పి. కారణం లేకుండా బరువు తగ్గడం.

ఇంకొకటి శానామంది పట్టించుకోనిది: రక్తహీనత. పెద్దపేగులో కుడిపక్క గడ్డ ఉంటే నెత్తురు రోజూ రోంత రోంత కారి మలంలో కలిసిపోతాది, కంటికి కనపడదు. మనిషికి ఆయాసం, నీరసం. మన ఊర్లల్లో ఏం చేస్తాం? ‘రక్తం తక్కువుంది’ అని టానిక్ తాగిస్తాం, బాటిల్ ఎక్కిస్తాం. మగమనిషికైనా, ముట్లు నిలిచిన ఆడమనిషికైనా రక్తం తగ్గిపోతాంటే, అది యాడికి పోతాందో అడగాల. ట్యాంకు కారిపోతాంటే పైనుంచి నీళ్లు పోసుకుంటా కూర్చుంటే లాభమేముంది?

ఈ గుర్తుల్లో ఏది ఉన్నా వయసుతో పనిలేదు. ‘నాకు ముప్పై ఏండ్లే గదా’ అనొద్దు. ‘బ్లాక్ పాంథర్’ సినిమా హీరో చాడ్విక్ బోస్‌మన్‌ను మీరు చూసింటారు. 2016లో ఆయనకు పెద్దపేగు క్యాన్సర్ అని తెలిసింది, 2020 ఆగస్టులో పోయినాడు. అప్పటికి వయసు 43. కండలు తిరిగిన మనిషి, తెర మీద యుద్ధాలు చేసిన మనిషి. ఫుట్‌బాల్ పీలే 2022 డిసెంబరులో పోయింది గూడా ఈ జబ్బుతోనే. దీనికి పేదా లేదు, పెద్దా లేదు.

పరీక్షలు ఏమేముండాయి?

ఏ గుర్తూ లేని మనిషికి చేసే పరీక్షల్లో సులభమైంది మలం పరీక్ష. కంటికి కనపడని నెత్తురు మలంలో ఉందా అని చూస్తారు. ల్యాబుల్లో దీన్ని ‘స్టూల్ ఆకల్ట్ బ్లడ్’ అంటారు. ఇందులో పాతరకం ఒకటి, కొత్తరకం ఒకటి. పాతరకానికి ముందు కొన్నిరోజులు మాంసం లాంటివి మానాల. కొత్తరకాన్ని ‘ఫిట్’ అంటారు. ఇది మనిషి నెత్తురును మాత్రమే గుర్తుపడతాది, తిండి పథ్యం ఏమీ అక్కర్లేదు. ఇంట్లోనే చిన్న పుల్లతో రోంత మలం తీసి డబ్బాలో పెట్టి ఇస్తే చాలు.

కడప జిల్లా నుంచి కువైట్‌కు పోయేటోళ్లు ‘మాకు మెడికల్ చేసినారు, ఫిట్టు అని రాసిచ్చినారు’ అంటాంటారు. ఆ ఫిట్టు వేరు, ఈ ఫిట్ వేరు. ఆ మెడికల్‌లో చూసేది టీబీ, హెచ్‌ఐవీ, కామెర్ల లాంటి అంటుజబ్బులు. పెద్దపేగును ఎవరూ చూడరు. దాన్ని నమ్ముకొని ధైర్యంగా ఉండొద్దు.

ఈ మలం పరీక్ష చిన్నదని తీసిపారేయొద్దు. అమెరికాలోని మిన్నెసోటాలో వేలమందికి ఏటా పాతరకం మలం పరీక్షే చేసి ఏండ్ల తరబడి గమనించినారు. పరీక్ష చేయించుకున్న గుంపులో పెద్దపేగు క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గినాయని 1993లో తేల్చినారు. ఇప్పటి ఫిట్ దానికన్నా మేలైంది. ఒకసారి చేస్తే, ఉన్న క్యాన్సర్లలో పదింటికి దాదాపు ఎనిమిదింటిని పట్టుకుంటాది. పిలకలను మాత్రం అంత బాగా పట్టుకోలేదు. అందుకే ఒక్కసారి చేసి వదిలేసేది గాదు, ఏటా చేయాల. నెత్తురుందని వచ్చినంత మాత్రాన క్యాన్సర్ అనీ గాదు. లోపల చూడాల్సిన పని పడిందని అర్థం.

లోపల చూసేది కొలొనోస్కోపీ. చివర కెమెరా ఉండే మెత్తటి గొట్టాన్ని వెనక నుంచి పంపి పేగంతా చూస్తారు. ముందురోజు తేలికైన తిండి తిని, పేగు కడిగే మందు నీళ్లు తాగాల. శానామందికి దీంట్లో కష్టమనిపించేది ఈ మందు తాగి పదిసార్లు దొడ్డికి పోవడమే. పరీక్షప్పుడు మత్తు ఇస్తారు. అర్ధగంట అటూ ఇటూ. పిలక కనపడితే అప్పుడే తీసేస్తారు, అనుమానం ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. పేగుకు చిల్లి పడే ప్రమాదం ఉండాది గానీ, వెయ్యిలో ఒకరికన్నా తక్కువ. అంతా బాగుంటే, వంశంలో ఎవరికీ లేకుంటే, పదేండ్ల దాకా మళ్లీ అవసరం లేదంటారు.

‘ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతాది’, ‘కత్తి తగిలితే విజృంభిస్తాది’ అని రచ్చబండ కాడ అంటాంటారు. పేగులో ముక్క తీసినందువల్ల జబ్బు పాకదు. పాకేది ఆలస్యం వల్ల. ముక్క తీయకుండా ఏ డాక్టరూ సరైన మందు రాయలేడు.

ఎవరికి, ఎప్పుడు?

ఇప్పుడు ఆ తేడా కాడికి వస్తాం. నెత్తురు పడతాండే మనిషికి మలం పరీక్షతో పనిలేదు. కంటికి కనపడే నెత్తురును మళ్లీ ల్యాబులో వెతికేదేముంది? ఆ మనిషి నేరుగా డాక్టరు కాడికి పోయి, వేలి పరీక్ష, అవసరమైతే కొలొనోస్కోపీ చేయించుకోవాల. ‘మలం పరీక్షలో ఏమీ రాలేదు’ అని ఇంటికి వచ్చేయొద్దు.

ఏ గుర్తూ లేని మామూలు మనిషికి మాత్రమే వయసు లెక్క. జపాన్‌లో 1992 నుంచే 40 దాటినోళ్లకు మలం పరీక్ష చేస్తాండారు. ఇంగ్లండ్‌లో 50 నుంచి 74 ఏండ్ల వాళ్లకు డబ్బా పోస్టులోనే ఇంటికి వస్తాది. అమెరికాలో 50 నుంచి మొదలుపెట్టాలని ఉన్నదాన్ని, చిన్న వయసోళ్లకు జబ్బు పెరుగుతాందని 2021లో 45కు తగ్గించినారు.

వంశంలో ఉండేటోళ్లకు ఇంకా ముందు. అమ్మకో, నాయనకో, అన్నకో, చెల్లెలికో ఈ క్యాన్సర్ వచ్చింటే, 40 ఏండ్లకో, వాళ్లకు జబ్బు తెలిసిన వయసుకు పదేండ్ల ముందో, ఏది ముందైతే అప్పుడు కొలొనోస్కోపీ చేయించుకోవాలంటారు. నాయనకు 45లో వస్తే కొడుక్కూ కూతురికీ 35లో. కొన్ని కుటుంబాల్లో జన్యువుల్లోనే లోపం దిగుతాది. లించ్ సిండ్రోమ్ అనేది అట్లాంటిదే. అట్లాంటి ఇండ్లల్లో తరం తరంలో చిన్న వయసులోనే చావులుంటాయి. వాళ్లకు ఇంకా తొందరగా మొదలుపెట్టాల. అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగుపూత ఏండ్లుగా ఉండేటోళ్లు, ఇంతకుముందు పిలకలు తీయించుకున్నోళ్లు గూడా డాక్టరు చెప్పిన టైముకు చూపించుకుంటా ఉండాల.

మా చిన్నాయన కొడుక్కు ఇప్పుడు 24. ఆయన పోయినాక మేం నేర్చుకున్న లెక్క ఇది. ఈ పిల్లోడు ఏ వయసులో పరీక్షకు పోవాల్నో ఇంటి గోడ మీద రాసిపెట్టుకున్యాం.

సర్కారు ఏం చూస్తాంది, ఏం చూడడంలా?

2016 నుంచి దేశంలో 30 ఏండ్లు దాటినోళ్లకు ఊర్లోనే పరీక్షలు చేయాలని కేంద్రం పద్ధతి పెట్టింది. బీపీ, షుగర్, ఇంక మూడు క్యాన్సర్లు: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. మన రాష్ట్రంలో 2024 నవంబరులో ఇంటింటికీ వచ్చి చూసే కార్యక్రమం గూడా మొదలైంది. ఆశా అక్క, ఏఎన్‌ఎం అక్క మీ గడప తొక్కింటారు. మంచిపని. కానీ ఆ మూడింట్లో పెద్దపేగు లేదు.

దీనికి కారణం లేకపోలేదు. పడమటి దేశాలతో పోలిస్తే మన దేశంలో లక్షమందికి ఈ జబ్బు వచ్చేటోళ్లు శానా తక్కువ. అందరికీ కొలొనోస్కోపీ అంటే అన్ని మిషన్లు, అంతమంది డాక్టర్లు యాడుండారు? ఆ లెక్క నాకూ అర్థమవుతాది. కానీ తక్కువ అనే మాట కింద ఎంతమంది ఉండారో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 70 వేలమందికి కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చింది. అదే ఏడు 40 వేలమంది దీంతో పోయినారు. ప్రపంచం మొత్తం మీద ఆ ఏడు కొత్తగా 19 లక్షలమందికి వస్తే, చావులు 9 లక్షలు. వచ్చినోళ్లతో పోలిస్తే పోయేటోళ్లు మన కాడ ఎక్కువ. మన కాడ జబ్బు తక్కువ, ఆలస్యం ఎక్కువ.

ఆలస్యం ధర ఏందో అమెరికా లెక్కల్లో తెలుస్తాది. గడ్డ పేగులోనే ఉన్నప్పుడు దొరికితే పదిమందిలో తొమ్మిదిమంది ఐదేండ్లు దాటి బతుకుతాండారు. కాలేయం, ఊపిరితిత్తుల దాకా పాకినాక దొరికితే పదిమందిలో ఒకరో ఇద్దరో. జబ్బు అదే. దొరికిన రోజే వేరు.

మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. పేరు ఏదైనా, క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఆ పథకం కింద పేదోళ్లకు దొరుకుతాండాయి. ఆ పథకం లేకుంటే మా పిన్నమ్మకు ఆ ఎకరాన్నర గూడా మిగిలేది గాదు. కానీ ఈడ ఒక తిరకాసు ఉండాది. జబ్బు ముదిరి ఆపరేషన్ కాడికి వస్తే లక్షలు కట్టడానికి సర్కారు ముందుకొస్తాంది. జబ్బు మొలకలో ఉన్నప్పుడు పట్టుకునే మలం పరీక్షను మాత్రం ఊరి దాకా తేలేకపోతాంది.

నేను అడిగేది అందరికీ గొట్టం పరీక్ష గాదు. ఆశా అక్క అడిగే ప్రశ్నల్లో రెండు చేర్చమంటాండా. ‘దొడ్డికి పోయేటప్పుడు నెత్తురు పడుతుందా?’ ‘మీ ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా?’ అని. ఇంక పీహెచ్‌సీలో 45 దాటినోళ్లకు ఏటా ఒక ఫిట్ డబ్బా. నెత్తురుందని వచ్చినోళ్లకు మాత్రమే పెద్దాసుపత్రిలో కొలొనోస్కోపీ. ఇంకొక మాట: పడమటి మండలాల్లో పరీక్షలు పెట్టేది సుగ్గికి పోయిన నెలల్లో గాదు, ఉగాది దాటి జనం ఊర్లో ఉన్నప్పుడు. తాళం వేసిన ఇంటికి వచ్చి టిక్కు పెట్టుకొని పోతే ఎవరికి ఉపయోగం?

యాడికి పోవాల?

ఎవరికి చెప్పాల్నో తెలీకుంటే మొదట మీ ఊరి హెల్త్ క్లినిక్‌లో అడగండి, లేదా పీహెచ్‌సీ డాక్టరును. నెత్తురు పడతాంటే సూటిగా జిల్లా ఆసుపత్రికో, మెడికల్ కాలేజీ ఆసుపత్రికో పోయి సర్జరీ ఓపీ చీటీ రాయించుకోండి. కడప దిక్కోళ్లకు రిమ్స్ ఉండాది. కర్నూలు పెద్దాసుపత్రిలో పేగు జబ్బులకు గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగం విడిగా ఉండాది, స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ గూడా కర్నూల్లోనే వచ్చింది. రాజంపేట, కోడూరు దిక్కోళ్లకు తిరుపతి దగ్గర. ఆడ స్విమ్స్ ఉండాది, 2022లో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి గూడా మొదలైంది. పథకం గురించి అనుమానముంటే 104కు ఫోన్ చేయండి. ఆసుపత్రి గడపలో వైద్యసేవ డెస్కు ఉంటాది, కార్డు చూపించి అడగండి.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ‘కడుపులో బాగలేదు’ అని గొణగొద్దు. ‘ఇన్ని నెలలుగా నెత్తురు పడతాంది, ఇంత బరువు తగ్గినా, మా ఇంట్లో ఫలానా వాళ్లకు ఉండింది’ అని మూడు ముక్కలు చెప్పండి. ఆయన చూడకుండా మందు రాస్తే, ‘సార్, ఒకసారి పరీక్ష చేసి చూస్తారా?’ అని అడగండి. అది ఎదురుమాట గాదు, మన హక్కు.

ఇంకొక భయం గూడా ఉండాది: ‘ఆపరేషన్ చేస్తే కడుపుకు సంచి తగిలిస్తారంట.’ అందరికీ అక్కర్లేదు. కొందరికి కొన్ని నెలలే, తర్వాత తీసేస్తారు. గడ్డ మలాశయం కొసన ఉండే కొందరికి మాత్రం ఎప్పటికీ అవసరమవుతాది. ఎంత ముందుగా దొరికితే సంచి అవసరం అంత తక్కువ. ఒకవేళ తగిలించినా, సంచితో మనిషి సేద్యం చేస్తాడు, మనవళ్లను ఎత్తుకుంటాడు. మట్టిలో కలిసిపోతే ఏదీ చేయడు.

తిండి మాట

తిండితోనే అంతా ఆగిపోతాదని చెప్తే అది అబద్ధం. కానీ తిండికి సంబంధం ఉండాది. పీచు ఉండే తిండి, ముడి ధాన్యాలు పేగుకు మేలు. రాగి సంకటి, జొన్నరొట్టె, కొర్రన్నం మన జేజి కాలం నుంచి ఉండేవే. పేదోళ్ల తిండి అని మనమే వదిలిపెట్టి తెల్లన్నానికి పోయినాం. నిల్వ మాంసాలైన సాసేజ్, బేకన్ లాంటివి క్యాన్సర్ తెస్తాయని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. మందు, బీడీ, సిగరెట్టు, ఊబకాయం, కూర్చున్నకాడి నుంచి లేవని బతుకు కూడా ఈ జబ్బుకు దారి వేసేవే. అట్లని సంకటి తినేటోళ్లకు రాదనుకోవద్దు. మా చిన్నాయన రోజూ సంకటే తిన్యాడు.

మాట ఎవరు మొదలుపెట్టాల?

మన ఇండ్లల్లో బీపీ గురించి మాట్లాడతాం, షుగర్ గురించి మాట్లాడతాం. దొడ్డికి పోయే సంగతి మాట్లాడం. ఆడోళ్ల సంగతి ఇంకా అన్యాయం. నెత్తురు కనపడితే ‘ముట్టు నెత్తురేమోలే’ అని సరిపెట్టుకుంటారు. మగ డాక్టరుకు చూపించుకోవాలంటే చచ్చేంత సిగ్గు. ఆశా అక్కతో, ఏఎన్‌ఎం అక్కతో చెప్పడానికైనా ఎవరో ఒకరు ఎంట ఉండాల.

ఆ ఎవరో ఒకరు మీరే. రీల్స్ చూసే ఫోన్ పక్కన పెట్టి ఈ పొద్దు రాత్రి అన్నం తినేటప్పుడు కాకున్నా, తిన్నాక మంచాల మీద కూర్చున్నప్పుడు అడగండి. ‘నాయనా, బయటికి పోయేటప్పుడు నెత్తురేమన్నా పడుతుందా?’ ‘అమ్మా, ఎన్నాళ్లుగా చిక్కిపోతాండావు?’ మొదట కసురుకుంటారు. ‘ఏం మాటలురా ఇవి’ అంటారు. రెండోసారి అడగండి. సుగ్గిలో ఉంటే ఫోన్ చేసి అడగండి. కువైట్‌లో ఉంటే వాట్సాప్‌లో అడగండి.

మేం ఏడుగురం ఆసుపత్రిలో నిలబడి జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న శానా చిన్నది. ఎన్నాళ్లైంది? అంతే. దాన్ని డాక్టరు అడగకముందే ఇంట్లో మనం అడిగింటే, ఆ రెండేండ్లు మా చిన్నాయనకు మిగిలేవి.